ఆదివారం వాన

నడి మే నెలలో, నలుగురూ చూస్తుండగా, ఒక దొంగవాన కురిపించాలని జాకబ్ నిశ్చయించుకున్నాడు.

అతను ఫిల్మ్‌నగర్‌లో హరితశిఖ అనే ఏడంతస్తుల ఆఫీసు భవనానికి మేనేజరు. ఆ భవనం గొప్పంతా నీళ్ళలోనే ఉంది. డాబా మీద పడిన వాన పైపుల్లోంచి దిగి, కింద బండ తొలిచి కట్టిన పెద్ద సంపులో చేరుతుంది. ఏడాది పొడుగునా ఆ నీళ్ళే వాడతారు. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయి వీధివీధినా ట్యాంకర్లు తిరుగుతుంటే, హరితశిఖ గేటు మీద మాత్రం 'ఇక్కడికి ట్యాంకర్ రాదు' అని ఇత్తడి అక్షరాలు మెరుస్తుంటాయి.

బుధవారం ఢిల్లీ నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు సరేనంటే హరిత భవనమని పతకం ఇస్తారు. సంపులో చూస్తే మూడడుగుల నీళ్ళే ఉన్నాయి. పన్నెండడుగులు ఉండాలి. మూడు నెలలుగా ఎటు పోతున్నాయో ఎవరికీ అంతు పట్టడం లేదు.

భవనాన్ని డిజైన్ చేసిన గీతికను అడిగాడు.

"సంపు లీకయ్యే ప్రసక్తే లేదు సార్. కావాలంటే రాసిస్తాను," అందామె.

ముప్ఫై కూడా నిండని పిల్ల రాసిస్తే ఎంత, రాసివ్వకపోతే ఎంత అనుకున్నాడు జాకబ్. గేటు దగ్గరి కెమెరాలన్నీ తిరగేశాడు. బకెట్టు నీళ్ళు కూడా బయటికి పోలేదు. అయితే కచ్చితంగా చిల్లే.

యజమాని శ్యామలాదేవి అతన్ని పిలిచి ఒక్క మాటే చెప్పింది.

"ట్యాంకర్ నీళ్ళు ఒక్క చుక్క నా గేటు దాటినా, ఆ బోర్డుతో పాటు మీరూ దిగిపోతారు జాకబ్ గారూ."

యాభై నాలుగేళ్ళ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? పైగా సంపులోకి వెళ్ళే ప్రతి చుక్కా డాబా పైపుకున్న మీటరు దాటే వెళ్ళాలి. తనిఖీవాళ్ళు మొట్టమొదట చూసేది దాన్నే. కాబట్టి నీళ్ళు పైనుంచి, అచ్చం వానలాగే పడాలి. ఫిల్మ్‌నగర్‌లో వానకేం కరువు?

కృష్ణానగర్ వెళ్ళి, సినిమాలకు వాన సప్లై చేసే బుజ్జిని పట్టుకున్నాడు. నలభై దాటిన మనిషి. సొంత ట్యాంకరు, మోటారు, జల్లు కొట్టే గొట్టాలు ఉన్నాయి. ఎందరో హీరోయిన్లను తడిపిన అనుభవం ఉంది.

"హరితశిఖ నుంచి వచ్చానండీ. మేనేజర్ని."

టీ తాగుతున్న బుజ్జి గ్లాసు పక్కన పెట్టి గబుక్కున లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మా బిల్డింగ్ పేరంటే ఈ సందుల్లో కూడా ఎంత గౌరవమని జాకబ్ లోలోపల పొంగిపోయాడు.

"సార్... నేను..."

"కంగారేం లేదు. ఆదివారం మా డాబా మీద వాన కావాలి. ఇరవై ట్యాంకర్లు. ఎవరడిగినా షూటింగ్ అని చెప్పాలి."

"వానా?" బుజ్జి ఊపిరి పీల్చుకుని టీ గ్లాసు మళ్ళీ అందుకున్నాడు. "గింతేనా సార్! ఫికర్ జెయ్యకుండ్రి."

ఆదివారం ఆఫీసులన్నీ మూసి ఉన్నాయి. పొద్దున్నే బుజ్జి ట్యాంకరు గేటు జోలికి రాకుండా వెనక సందులో ఆగింది. ఆ సందులో కెమెరా లేదు. ప్రహరీ గోడ, నిప్పంటుకుంటే ఫైరింజన్‌వాళ్ళు వాడుకోవడానికి దానికి పెట్టిన ఎర్ర పైపు, అంతే. డాబా మీదికి గొట్టం లాగారు. ఫెళ్ళుమని కాస్తున్న ఎండలో జల్లు మొదలైంది. చూసేవాళ్ళ కోసం గొడుగిచ్చి నిలబెట్టిన జూనియర్ ఆర్టిస్టు "ఏ సినిమా సార్?" అని అడుగుతూనే ఉంది. జాకబ్‌కి అదేం వినపడలేదు. మీటరు ముందు గొంతుక్కూర్చుని, అంకెలు తిరుగుతుంటే మురిసిపోయాడు.

బుజ్జి పనితనం చూస్తే ముచ్చటేసింది కూడా. మామూలు ట్యాంకర్లు నీళ్ళు నింపుకుని రావడానికి గంటన్నర పడుతుంది. ఇతను ఇరవై నిమిషాలకల్లా నిండు ట్యాంకరుతో మళ్ళీ సిద్ధం. సాయంత్రానికి ఇరవై ట్రిప్పులూ పూర్తయ్యాయి.

జాకబ్ ఉత్సాహంగా కిందికి దిగి సంపు మూత ఎత్తాడు. మూడడుగుల్లో వేలెడు తగ్గింది!

లక్ష లీటర్లు పోస్తే లక్షా మింగిందంటే అది చిల్లు కాదు, సొరంగం. గీతికను తలుచుకుని పళ్ళు కొరికాడు.

బుధవారం తనిఖీ పెద్దాయన మీటరు చూశాడు. సంపు చూశాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. జాకబ్ లోపల్లోపల ప్రార్థన చేసుకుంటూ నిలబడ్డాడు.

పెద్దాయన నవ్వి చెయ్యి చాపాడు. లక్ష లీటర్ల వాన వచ్చింది, సంపులో నిలవ పెరగలేదు, అంటే వచ్చిందంతా వాడుకున్నారు, ఇంత పొదుపైన భవనం తన సర్వీసులో చూడలేదు అన్నాడు ఇంగ్లీషులో.

శనివారం ఇత్తడి అక్షరాల పక్కన పతకం బిగించారు. శ్యామలాదేవి అందరి ముందూ జాకబ్‌కి శాలువా కప్పింది. ఉద్యోగం నిలిచింది. ఆ సాయంత్రమే అతను బుజ్జిని పిలిపించి, చేతిలో మిఠాయి పెట్టాడు.

"మళ్ళీ వానలు పడేదాకా నీ నీళ్ళతోనే నెట్టుకు రావాలి బుజ్జీ. నెలకి రెండు ఆదివారాలు షూటింగ్ పెట్టుకుందాం. ఈ ఎండల్లో నీకన్ని నీళ్ళు ఎక్కడ దొరుకుతున్నాయో గానీ, ఆ చోటు మాత్రం ఎవరికీ చెప్పకు."

బుజ్జి మిఠాయి నోట్లో పెట్టుకోకుండా అతని మొహంలోకి అయోమయంగా చూశాడు.

"గదేంది సార్, మీకు దెల్సే నన్ను పిలిసిండ్రనుకున్న! మూడు నెలల సంది నా ట్యాంకర్ నింపుకునేది మీ సంపుకున్న ఎర్ర పైపు కాడనే గదా... మొన్న ఆదివారం ఇరవై ట్రిప్పులు గూడ ఆడికెళ్లే నింపిన."