ఒక టీబీ చాలు

అక్క పోయాక, ఆమె తీసిన ఫొటోలన్నీ ఒకచోట దాచుకుందామని హార్డ్ డిస్క్ కొనడానికి వెళ్లాను.

"రెండు టీబీది తీసుకోండమ్మా. తర్వాత చోటు చాలక మళ్లీ మీరే వస్తారు," అన్నాడు షాపతను.

"ఒకటి చాలు. తీసే మనిషే లేదు, ఇంకెక్కడ పెరుగుతాయి?"

ఆ రాత్రి ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని అక్క కెమెరా కార్డుల్లోవి డిస్క్‌లోకి మార్చాను. కాపీ చేయబోయి పొరపాటున కట్ చేశాను. ఇక మిగిలింది ఈ డిస్కే. మొత్తం మూడు వేల నూట పదహారు ఫొటోలు.

డిస్క్ తీయబోతే, వాడకంలో ఉంది, ఇప్పుడు తీయకూడదని తెర మీద వచ్చింది. తెరిచినవన్నీ మూసేశాను. మళ్లీ అదే మాట.

వెనక గదిలో ఏదో టిక్కుమంది. అక్క కెమెరా ఆ గది బీరువాలోనే ఉంది. బ్యాటరీ నేనే తీసేశాను.

ఫోల్డర్ తెరిస్తే లెక్క మూడు వేల నూట పదిహేడు. మళ్లీ టిక్కుమంది. పద్దెనిమిది.

మొదటి కొత్త ఫొటో అంతా చీకటి, మధ్యలో చిన్న వెలుగు. రెండోదాంట్లో ఆ వెలుగు దగ్గరైంది. అది నా కంప్యూటర్ తెర. దాని ముందు నా జడ.

వైరు లాగేస్తే అక్క ఫొటోలన్నీ పోతాయేమో.

ఒక టీబీ నిండటానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకుంటూ, వెనక్కి తిరగకుండా కూర్చున్నాను.