ముల్లు ఇరుక్కున్న రోజు

వయొలిన్ రికార్డు సగంలో గ్రామఫోన్ ముల్లు ఇరుక్కుంది. ఒకే ముక్క ఆరుసార్లు మోగింది. వేలికొసతో ముల్లుని మెల్లగా ముందుకు నెట్టాను. పన్నెండేళ్లుగా రోజూ ఉదయం రేడియోలో అరుదైన పాత రికార్డులు వినిపిస్తున్న నాకు ఇంతకన్నా తలవంపు ఏముంటుంది?

ఇంటికి రాగానే మావారిని అడిగాను. "ఇవాళ ప్రోగ్రాం ఎలా ఉందండీ?"

"అద్భుతం! ఆ వయొలిన్ ఎక్కడా ఒక్క క్షణం తడబడలేదు."

ఒళ్లు మండిపోయింది. రోజూ వింటున్నానంటూ ఇన్నేళ్లూ నా చెవిలో పూలు పెట్టారన్నమాట! ఆ పూట ఆయనతో మాట్లాడితే ఒట్టు.

మర్నాడు స్టూడియోలో ఇంజనీరు దగ్గర కడుపులోది కక్కేశాను. అతను తల దించుకున్నాడు.

"ఆయన్నేం అనకండి మేడమ్. ఆయన విన్నారు."

"మరి ముల్లు ఇరుక్కోవడం?"

"అది మీ హెడ్‌ఫోన్లో మాత్రమే. బయటికి వెళ్లేది గరగర తీసేసిన కంప్యూటర్ కాపీ. పైవాళ్ల ఆర్డరు. మూడేళ్లయింది."

"నాకొక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెబుదామనే అప్పుడే మీ ఇంటికి ఫోన్ చేశాను. సార్ ఎత్తారు. 'చెప్పకయ్యా. ముల్లు దించేముందు ఆవిడ గొంతు ఎంత మురిసిపోతుందో! అది పోతుంది' అన్నారు."

ప్రసారం మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది. శ్రోతలకు నమస్కారం చెప్పి, రికార్డు తుడిచి, ముల్లు దించాను. చెవుల నిండా నాకిష్టమైన ఆ గరగర.

మూడేళ్లుగా ఈ రికార్డులు విన్నది నేనొక్కదాన్నే.