నాలుగో గ్రహం

నొజుకో ప్రొఫెసర్ గది తలుపు మీద దబదబా బాదింది. మిట్ట మధ్యాహ్నం, అదీ కొండ మీది ఆ హాస్టల్లో! రాత్రంతా టెలిస్కోపు ముందు కూర్చున్నవాళ్ళు ఒళ్ళు తెలియకుండా పడుకునే వేళ అది. పగటిపూట అక్కడ ఎవరైనా గట్టిగా దగ్గినా కొరకొరా చూస్తారు. కిటికీలకి నల్ల తెరలు, వరండాలో చెప్పులు చేత్తో పట్టుకుని నడక. అలాంటి చోట ఈ పిల్ల పిడికిళ్ళతో తలుపు బద్దలు కొట్టేస్తోంది.

ప్రొఫెసర్ లుడిడి రగ్గు కప్పుకుని బయటికొచ్చాడు.

"ఏం, కొంప అంటుకుందా?"

"నా లెక్క ఎందుకు తీసేశారు సార్?"

"ఓ, దానికా!" అంటూ ఆవులించాడు. "సాయంత్రం లేచాక మాట్లాడదాంలే, వెళ్ళు."

"సాయంత్రానికి మంత్రిగారొస్తారు. టీవీ వాళ్ళొస్తారు. నాలుగో గ్రహం దొరికిందని మీరు చెప్పేస్తారు. అప్పుడిక ఏం మాట్లాడతాం? నాతో మాట మాత్రం చెప్పకుండా నా లెక్క ఎలా తీస్తారు?"

దాంతో ఆయన నిద్రమత్తు కాస్తా వదిలిపోయింది.

మన సూర్యుడికి తోడబుట్టినట్టుండే ఆ పక్క నక్షత్రం చుట్టూ మూడు గ్రహాలున్నాయని అందరికీ తెలుసు. నాలుగోదాని కోసం ఈ ఇద్దరూ కలిసి ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. గ్రహమేమో కంటికి ఆనదు. అది తిరుగుతూ లాగుతుంటే నక్షత్రం కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపుని పట్టుకోవాలి. ఎంత చూసినా దొరకలేదు. పోయిన నెల ఒక్కసారిగా దొరికిపోయింది. ఇక చూడాలి ప్రొఫెసర్ గారి హడావిడి! విందుకని కింద ఊళ్ళో రెండు గొర్రెలు కూడా కోయించాడు.

"తీస్తానమ్మా, తీస్తాను!" అని అరిచాడాయన. "చాంతాడంత లెక్క! ప్రతి కొలతలోంచీ ఏదో ఒకటి తీసెయ్యడమే నీ పని. నువ్వలా గీకి గీకి పారేస్తుంటే ఇక మిగిలేదేముంది? దాన్ని అవతల పారేసి నా పద్ధతిలో పొట్టిగా కట్టాను. మర్నాడే కనపడింది గ్రహం! అంటే ఏంటి? ఇన్నాళ్ళూ దాన్ని కప్పెట్టింది నువ్వే!"

"నేను కప్పెట్టానా?" నొజుకోకి ఒళ్ళు మండిపోయింది. "అసలు ఆ లెక్క ఎందుకుందో ఒక్కసారన్నా చదివారా?"

"నాకు పాఠాలు చెప్తావా? నువ్వు బళ్ళో పలక పట్టుకోకముందు నుంచీ నక్షత్రాలు చూస్తున్నవాణ్ణి!"

ఒక్కో తలుపూ తెరుచుకోసాగింది. ఎదురు గదిలోంచి డీడరిక్ జుట్టు పీక్కుంటూ వచ్చాడు. అతనూ నక్షత్రాలు చూసేవాడే, కానీ వేరే పని మీద నిన్ననే వచ్చిన మనిషి, వీళ్ళ గొడవేంటో అతనికి తెలీదు.

"అయ్యా, మీ పోట్లాట తగలెయ్యా! ఇప్పుడే కన్నంటుకుంది. ఏమైంది?"

"ఈవిణ్ణే అడుగు. ప్రకటనలో ఈవిడ పేరు నా పేరు కింద ఉంది. అది చూసి ఓర్వలేక చస్తోంది."

"పేరు సంగతి నేనెత్తానా? ఆ ప్రకటన ఆపండి మొర్రో అంటున్నాను!"

"విన్నావా? తనకి దక్కని గొప్ప ఇంకెవరికీ దక్కకూడదు. ఎంత కుళ్ళో చూడు!"

"సార్, ఒక్క మాట వినండి. ఒక్కటంటే ఒక్కటి."

"అర మాట కూడా వినను."

ప్రొఫెసర్ గదిలోకి వెళ్ళి ఫోను తెచ్చాడు. అందరి ముందూ కేప్‌టౌన్ ఆఫీసుకి కలిపి, ఆమె మొహంలోకి చూస్తూ మరీ చెప్పాడు.

"ఆ ప్రకటనలోంచి నొజుకో ఫడానా పేరు కొట్టెయ్. అవును, పూర్తిగా. ఆ గ్రహం నా ఒక్కడిదే. సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే పంపెయ్. అన్ని దేశాలకీ పంపెయ్!"

ఫోను రగ్గులో దోపుకుని చేతులు దులుపుకున్నాడు.

"అయిపోయింది. పోయి ఇక తనివితీరా ఏడువు."

ఆమె ఏడవలేదు. గోడకి ఆనుకుని, "నిజంగా పంపేశారా?" అని మాత్రం అడిగింది.

"పంపేశారు. నీ పేరు ఎక్కడా లేదు."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, డీడరిక్ కి నిద్ర చెడిన కోపం కన్నా కొత్త గ్రహం మీద ఆశ ఎక్కువ. "ఇంతకీ ప్రొఫెసర్, అది తన నక్షత్రాన్ని ఎన్నాళ్ళకోసారి చుట్టొస్తుంది?" అన్నాడు.

లుడిడి ఛాతీ పొంగింది.

"చెప్తే నమ్మవు. మూడొందల అరవై అయిదు రోజుల చిల్లర! అచ్చం మన ఏడాదే. పూట కూడా తేడా లేదయ్యా!"

డీడరిక్ మొహంలో నవ్వు మాయమైంది. మెల్లగా నొజుకో వైపు తిరిగాడు.

"మీ లెక్క... ఆ కొలతల్లోంచి దేన్ని తీసేసేది?"

"భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దాంతోపాటు మన టెలిస్కోపూ ఊగుతుంది కదా, ఆ ఊపుని," అంది నొజుకో. తర్వాత ప్రొఫెసర్ వైపు తిరిగింది. "తమరు కనిపెట్టిన గ్రహం మీదే నిలబడి ఇందాకట్నుంచీ అరుస్తున్నారు సార్."