డాబాల మీది కేక

మా వీధిలో సిగ్నల్ డాబా నుంచి డాబాకు అందుతుంది. ఇంటికో పెట్టె, రోజూ అన్నం తిన్నాక ఎవరి పెట్టెకు వాళ్లే బ్యాటరీ మార్చుకోవాలి. మాది చివరి ఇల్లు. మా ఆయన గుండెలోని యంత్రం ఆస్పత్రితో మాట్లాడేది ఆ సిగ్నల్‌తోనే.

ఆ మధ్యాహ్నం సిగ్నల్ అందడం లేదని మా పెట్టెలో ఎర్రదీపం వెలిగింది. డాబా ఎక్కి, వీధి ఆనవాయితీ ప్రకారం కేకేశాను.

"ఎవరిది ఆగిపోనాదర్రా?"

వీధి మొదట్నుంచీ ఒక్కో డాబా పలికింది.

"మాది ఆడతంది!"

"మాదీ ఆడతందమ్మా!"

పక్కింటి దగ్గర వరస ఆగింది. అక్కడ పైడమ్మత్త ఒక్కతే ఉంటుంది. బ్యాటరీ మార్చడం ఏనాడూ మరవని మనిషి.

"అత్తా, పలకవేటి?"

ఆమె వంటింట్లోంచి అన్నం మాడిన వాసన వచ్చింది.

కింద నుంచి మా ఆయన అరిచాడు. "నా గుండె సంగతి తర్వాత. ముందు అత్తని సూడు!"

అప్పటికే నేను పిట్టగోడ దాటేశాను.