పూతగుత్తి సన్మానం

తెలంగాణ కోసమని ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి, తెల్లారేసరికి వెనక్కి తీసుకున్న మొనగాడు పురుషోత్తం. ఏ మొహం పెట్టుకుని వచ్చాడో గానీ, కొత్త కండువాతో బయ్యారం తెలంగాణ దీక్షా శిబిరానికి రానే వచ్చాడు.

మామిడితోట నఫీసా ఎదురెళ్లి, కాలీఫ్లవర్‌లా ముద్దకట్టిన మామిడి పూతగుత్తి చేతికిచ్చింది.

"రైతుబిడ్డను! పూత చూసి కాపు చెప్త. తెలంగాణ వచ్చినట్టే!" అంటూ దాన్ని పైకెత్తి ఫొటోలు దిగాడు. చప్పట్లు ఆగలేదు. వెనక కూర్చున్న రైతులైతే ఈలలే వేశారు.

పోతూ పోతూ ఆగాడు.

"చెల్లె, దీన్ని ఇంట్ల దేవుని కాడ పెట్టుకుంట."

"వద్దన్నా. గది తెగులు గుత్తి. ఎంత పూసినా ఒక్క కాయ కాయది. మేమైతే కొమ్మతోటి నరికి కాలవెడ్తం. ఈడ అందరికెరుకే. గందుకే గన్ని చప్పట్లు."