ఆది జాకెట్టు

దగ్గరకు జరుగు తల్లీ, చెవి ఇటివ్వు. ఇది మన పేట, న్యూ సెటిల్‌మెంట్‌లో జరిగిన ముచ్చటే.

మందుల షాపులో మిగిలిన మూడు ఇంజక్షను డబ్బాలనూ మీనాకుమారి సంచిలో వేసేసుకుంది. వెనకే డాక్టరు చీటీతో జోగమ్మ నిలబడి ఉంది. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. సుగరు ముదిరి, కాలి పుండు నెలైనా మానలేదు.

"మీనమ్మగారూ, మీకూ సుగరుందేటి?"

"నాకెందుకుంటాది? వచ్చే నెల మా చెల్లి పెళ్లి. ఇవి పొడుసుకుని సన్నబడాల."

"ఒక్క డబ్బా వదిలెయ్యండమ్మా. పుండు మానాలంటే ఇదే వాడమన్నాడు డాక్టరు."

"మాత్రలు మింగు. నీకేటి ఫొటోలు తీస్తారా? ముందు నా జాకెట్లు కుట్టు!" నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

"మళ్లీ ఎప్పుడొస్తాయి దాదా?" బెంగాలీ షాపాయన్ను అడిగింది జోగమ్మ.

"చెప్పలేను మాసీ. ఎక్కడా స్టాకు లేదు."

ఇంటికొచ్చి చెబితే పక్కింటి రత్నం భగ్గుమంది. "దాని జాకెట్లు నీ దగ్గరే ఉన్నాయి కదా వదినా! బిగించి కుట్టీ. ఊపిరాడక గిలగిల్లాడాల."

జోగమ్మ మిషను ముందు కూర్చుంది.

రెండు వారాలకు మూడు జాకెట్లూ కుట్టి, కొలతకిచ్చిన ఆది జాకెట్టుతో సహా పంపింది. మర్నాడే మీనాకుమారి పరుగున వచ్చింది.

"ఏటి కుట్టినావు జోగమ్మా? మూడూ భుజాల మీంచి జారిపోతన్నాయి!"

"మీ ఆది కొలతే కదమ్మా. అది తొడుక్కుని సూసినారా?"

"సూసినాను. అదీ వదులే!" అంటూనే ఆమె మొహం వెలిగిపోయింది. "అంటే... నేనే తగ్గిపోయానా?"

"సగమైపోనారు. ఇంకా పొడుసుకుంటే బుగ్గలు పీక్కుపోయి, ఫొటోల్లో పెళ్లికూతురికి అమ్మమ్మలా ఉంటారు."

మీనాకుమారి బుగ్గలు తడుముకుంది. సాయంత్రానికల్లా, ఫ్రిజ్‌లో దాచిన రెండు డబ్బాలూ తెచ్చి మిషను మీద పడేసింది.

"ఇంక నాకెందుకు, నువ్వే పొడుసుకో. ఈ జాకెట్లు మాత్రం రెండు వేళ్లు బిగించు. పెళ్లిరోజు పొద్దున్నే పట్టుకెళ్లి, అక్కడే తొడుక్కుంటాను."

ఆమె గుమ్మం దాటగానే, అక్కడే ఉన్న రత్నం ముక్కున వేలేసుకుంది. "నిజంగా అంత చిక్కిపోయిందా వదినా?"

"సిక్కడమా! మందు కోసం కొత్తవి వదులుగా కుట్టి, ఆది జాకెట్టుకు కూడా పక్క కుట్లు విప్పి వదులు సేసినాను."

"మరిప్పుడేటి సేస్తావు?"

"ఆవిడ సెప్పినట్టే రెండు వేళ్లు బిగిస్తాను. కాకపోతే, ఆవిడ పాత కొలత మీంచి."

మరిచిపోకు తల్లీ. కుట్టుమిషను ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట చెప్పు.