కిటికీ ఊచ మీద మూడు దెబ్బలు

టంగ్, టంగ్, టంగ్.

కింది వాటా కిటికీ ఊచ మీద ఎవరో కర్రతో కొడుతున్నారు.

మేడమీద పుస్తకం పట్టుకుని నిలబడ్డ డాక్టరమ్మ ఉలిక్కిపడింది. అప్పటిదాకా గోడమీది బల్లిని చూస్తోంది. ఎంతసేపటి నుంచో ఆ బల్లికే తెలియాలి.

"మళ్ళీ మొదలెట్టాడత్తయ్యా, కింద కొత్తగా దిగిన ముసలాయన!"

"నువ్వలా గొంతు చించుకుని చదివితే కొట్టడా మరి?" అంది అత్తగారు బట్టలు మడతపెడుతూ.

"నేను నోరు మూసుకుని పది నిమిషాలైంది."

"వయసు మీదపడింది కదమ్మా, కోపం నెమ్మదిగా ఎక్కుతుందేమో."

డాక్టరమ్మ పంతం కొద్దీ ఇంకా గట్టిగా అందుకుంది.

ఆవిడ పనిచేసేది ఎమర్జెన్సీ వార్డులో. ఒకేసారి అయిదుగురు పేషెంట్లు వచ్చి పడ్డా చెయ్యి వణకదు. పుస్తకం ముందు కూర్చుంటే మాత్రం మనసు కుదురుగా ఉండదు. దానికి ఏడీహెచ్‌డీ అని పేరు పెట్టి మాత్రలిచ్చారు. ఆ సీసా పంచదార డబ్బా వెనక ఉంటుంది. అత్తగారికి తెలుసు. తెలియనట్టుంటుంది.

"అయిదుగురిని ఒకేసారి చూసేదానివి, ఒక్క పేజీని చూడలేవుటే?" అని అడిగిందొకసారి.

"పేజీ మూలగదు కదత్తయ్యా."

స్పెషలిస్టు పరీక్ష ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే వార్డులో ఉంచుకోలేమని పెద్ద డాక్టరు చెప్పేశాడు. ఇంకా మూడు వారాలుంది.

దరఖాస్తుతో పాటు జబ్బు కాగితం పెడితే పరీక్షలో అరగంట ఎక్కువిస్తారు. ఆఫీసు గుమాస్తా చూసి నవ్వుతాడని పెట్టలేదు.

ఆ సాయంత్రం పక్షవాతం పాఠం. గదిలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూ పైకి చదువుతోంది.

"ముఖం ఒక పక్కకి జారుతుంది. ఒక చెయ్యి లేవదు. మాట రాదు. చూడగానే గుర్తుపట్టాలి. ప్రతి నిమిషమూ..."

ఎదురింటి మేడమీద ఆరేసిన దుప్పటి గాలికి లేచింది. దాని వెంటే ఆవిడ మనసూ లేచిపోయింది.

టంగ్, టంగ్, టంగ్.

"ఇవాళ తేల్చేస్తాను" అని చెప్పులైనా వేసుకోకుండా దిగింది.

"పోనీలెద్దూ, పెద్దాయన..." అత్తగారి మాట మెట్ల మీదే ఉండిపోయింది.

కింద తలుపు తీసే ఉంది. కిటికీ పక్క కుర్చీలో ముసలాయన. ఎడమచేతిలో కర్ర.

"ఏమండీ, మా ఇంట్లో నేను చదువుకోకూడదా? మీకు వేరే పనీపాటా లేదా?"

ఆయన నోరు తెరిచాడు. ఏమీ అనలేదు. మూతి మాత్రం ఒక పక్కకి వంకరపోయింది.

"పైగా వెక్కిరింపొకటి!"

కర్ర ఆయన చేతిలోంచి లాగి తలుపు మూలన నిలబెట్టింది, బళ్ళో పిల్లవాడి దగ్గర సుద్దముక్క లాక్కున్నట్టు.

ఆయన ఎడమచెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. కుడిచెయ్యి ఒళ్ళోంచి కదలనే లేదు.

అప్పటికే ఆవిడ మెట్లెక్కుతోంది.

"ఏమన్నాడు?" అంది అత్తగారు.

"ఏమంటాడు! నోరు పెగిలితేగా."

మర్నాటి నుంచి కిటికీ చప్పుడు లేదు. ఆ హాయిలో డాక్టరమ్మ బల్లిని గంటసేపు చూసింది.

పరీక్ష హాల్లో తిరిగే ఫ్యానుని చూసింది. తేరుకునేసరికి చివరి ప్రశ్నకి టైం లేదు.

నెల తిరిగాక ఫలితం వచ్చింది. రెండు మార్కులు తక్కువ.

అత్తగారు అన్నం వడ్డించి కంచం ముందుకి జరిపింది. తిట్టినా బాగుండుననిపించింది.

వార్డులో గుర్తింపు కార్డు అప్పగించి ఇంటికి వచ్చేసరికి వీధి గుమ్మం ముందు సామాను బండి ఆగి ఉంది. ఒకామె అట్టపెట్టెలు ఎక్కిస్తోంది. చంకలో ఆ కర్ర.

"పైన డాక్టరుగారు మీరేనా? నేను కిందాయన కూతుర్నండీ. ఉద్యోగం మూలాన కలవడమే కుదర్లేదు. నాన్న మా ఊళ్ళో పోయి పదిహేను రోజులైంది."

"అయ్యో... ఏమైంది?"

"పక్షవాతం, రెండోసారి. మాటా, కుడిచెయ్యీ మొదటిసారే పోయాయి కదా."

డాక్టరమ్మ ఆమె చంకలోని కర్ర వంక చూసింది. ముఖం, చెయ్యి, మాట. మూడూ ఆవిడకి కంఠతా వచ్చు.

"సాయంత్రం ఆయా వెళ్ళాక నేనొచ్చేదాకా మీ గొంతే ఆయనకి తోడు. సెలవురోజుల్లో చూసేదాన్ని. మీరు ఆగారో, ఊచ మీద కొట్టేవారు. మళ్ళీ మొదలెడితే ఆ వంకర మూతితోనే నవ్వేవారు."

"ఆగితేనా?"

"ఆగితేనేనండీ. మీరు చదువుతుండగా ఎప్పుడైనా కొట్టారా?"

కొట్టలేదు. ఒక్కసారి కూడా.

"చివర్లో ఎందుకో మానేశారు. కర్ర చేతికిచ్చినా పక్కన పెట్టేసేవారు."

డాక్టరమ్మ చెప్పేద్దామని నోరు తెరిచింది. మాట రాలేదు.

"డాక్టరు చదువంటే అంత ఇష్టమా ఆయనకి?" అని మాత్రం అడగగలిగింది.

"ఇష్టమేం ఖర్మ, రెండేళ్ళు చదివారు కూడాను" అంది కూతురు, కర్రను జాగ్రత్తగా బండిలో పడుకోబెడుతూ. "మనసు ఒకచోట నిలిచేది కాదట. చదువుతూ చదువుతూ గొంతు ఆగిపోయినప్పుడల్లా పక్కగదిలోంచి మా నానమ్మ గోడ మీద మూడు దెబ్బలు వేసేదట. ఆవిడ చనిపోయిన ఏడాదే నాన్న పరీక్ష తప్పి, అంబులెన్సు డ్రైవరుగా చేరిపోయారు."